బోరునీళ్ల ఇళ్లకు సోలార్ హీటర్: ఈ చలికాలం నుంచి మా పద్ధతి

కస్టమర్లకు నమస్కారం. అనంతపురంలో చలి మొదలైంది, సోలార్ వాటర్ హీటర్ల కోసం ఫోన్లూ మొదలయ్యాయి. ఈ సీజన్ నుంచి, బోరే దిక్కయిన ఇంటికి ముందు నీళ్లు పరీక్షించకుండా హీటర్ బిగించం. గార ఎక్కువ కట్టే నీళ్లయితే, నీళ్లు నేరుగా రాగి పైపుల్లోకి వెళ్లే ప్లేట్ మోడల్ డబ్బులు చేతిలో పెట్టినా అమ్మం. కొన్ని బేరాలు పోతాయి, తెలుసు.

సంగతి ఇదీ. సబ్బు నురగ రాని నీళ్లలో సున్నం కరిగి ఉంటుంది. వేడి తగిలితే అది విడిపోయి గట్టిగా పేరుకుంటుంది. ప్లేట్ లోపలి రాగి పైపులు వేలంత లావు కూడా ఉండవు కాబట్టి తొందరగా పూడుకుపోతాయి. రాగి పైపుల బదులు గాజు ట్యూబులుండే మోడల్ కాస్త ఓర్చుకుంటుంది గానీ దానికీ తప్పదు. మొన్న సర్వీసులో ఒక ట్యూబు బోర్లిస్తే దోసెడు తెల్లటి పెచ్చులు, కోడిగుడ్డు పెంకుల్లా, జలజలా రాలాయి. ఆ ఇంటాయన "వేసవిలో మేం వాడనే లేదు కదండీ" అన్నారు. వాడకపోతేనే మన ఎండకు నీళ్లు మరిగి, ఆవిరి గాలిపైపులోంచి పోతుంది. ఆ మేరకు కొత్త బోరునీళ్లు వచ్చి చేరతాయి. సున్నం మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో సగం ట్యూబుల మీద పట్టా కప్పమని చెబుతుంటాం.

చాలామంది ఆర్‌ఓ మెషిన్ వాళ్లు చూపించిన టీడీఎస్ అంకె చెబుతారు. అందులో అన్ని లవణాలూ కలిసి ఉంటాయి, సున్నం ఎంతో విడిగా తెలియదు. మేం చుక్కల మందు కిట్‌తో చూస్తాం, దానికి డబ్బులు తీసుకోం. తాగునీటి ప్రమాణం ప్రకారం నీళ్ల కాఠిన్యం, అంటే సున్నం లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సరే. 600 దాటితే మేం చెప్పేది హీట్ ఎక్స్‌ఛేంజర్ మోడల్. ప్యానెల్‌లో మంచినీళ్లే తిరిగి తిరిగి వేడెక్కుతాయి, ఆ వేడిని బోరునీళ్లు ట్యాంకు దగ్గరే అందుకుంటాయి. ఖర్చు ఎక్కువ, వేడి కొంచెం తక్కువ. ట్యాంకులో గార అయితే కడుతుంది, కడగాల్సిందే. ప్యానెల్ మాత్రం బతుకుతుంది. ప్యానెల్‌కు నీళ్లందించే పైన చిన్న డబ్బాలో నీళ్లు తగ్గితే ఆర్‌ఓ నీళ్లే పోయండి. అక్కడా బోరునీళ్లు పోస్తే అంత డబ్బు పెట్టి లాభమేముంది?

బాత్రూమ్ యాసిడ్ పోసి కడగమని అడగొద్దు. గారతో పాటు స్టీలు ట్యాంకునూ అది తినేస్తుంది. మేం సిట్రిక్ యాసిడ్ వాడతాం, టైమ్ పడుతుంది. గార వల్ల వచ్చే రిపేరుకు కంపెనీ వారంటీ సాధారణంగా వర్తించదు. కార్డులో ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొనే రోజే మేం చదివి వినిపిస్తాం. ఎనామెల్ ట్యాంకు ఉన్నవాళ్లు లోపలి మెగ్నీషియం కడ్డీని ఏడాదికోసారి చూపించుకోండి. ట్యాంకు బదులు తుప్పు పట్టడమే దాని పని. అది అరిగిపోతే తర్వాత ట్యాంకు వంతు.

ట్యూబు కొనలో వెండిరంగు మెరుపు ఉంటుంది. అది పాలరంగుకు తిరిగిందంటే రెండు గాజు పొరల మధ్య వాక్యూమ్ (గాలి లేని ఖాళీ) పోయినట్టే. ఎంత కడిగినా ఉపయోగం లేదు, మార్చాలి.

పావురాలు గూడు పెడుతున్నాయని గాలిపైపులో గుడ్డ కుక్కినవాళ్లున్నారు. దయచేసి తీసేయండి. నీళ్లు దిగేటప్పుడు గాలి అందక ట్యాంకు లోపలికి సొట్టపోతుంది. మామూలు ట్యాంకుకు ముందు ప్రెషర్ పంపు పెట్టించే ఆలోచన ఉంటే మాకో మాట చెప్పండి, ఆ ఒత్తిడికి అది ఆగదు. నీళ్లు అయిపోయిన రోజు మిట్టమధ్యాహ్నం మోటారు వేయకండి. కాలిన ఖాళీ ట్యూబుల్లో చన్నీళ్లు పడితే గాజు పగులుతుంది. మరుసటి రోజు తెల్లవారుజామున నింపుకోండి.

సంక్రాంతి ముందు కుర్రాళ్లు ఊళ్లకు వెళ్తారు, సర్వీసు ఆలస్యమవుతుంది. క్లీనింగ్ కావాల్సినవాళ్లు డిసెంబరులోనే చెప్పండి. వచ్చేటప్పుడు ఒక సీసాలో మీ బోరునీళ్లు పట్టుకొస్తే షాపులోనే చూసి చెబుతాం.