యువ వైద్య అధ్యాపకులకు ఆరోగ్య విధాన శిక్షణ ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

నేను ప్రభుత్వ వైద్య కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మొన్న మధుమేహంతో పుండు ముదిరి కాలు తీయించుకున్న ఒక పెద్దాయన ఇంటికి బయలుదేరారు. శస్త్రచికిత్స ఖర్చు ప్రభుత్వ పథకమే భరించింది. ఆయన భార్య కొంగు ముడి విప్పి ఖాళీ మాత్రల అట్ట చూపించారు. "ఇవి కొనలేక మూడు నెలలు మానేశారమ్మా" అన్నారు. కాలు తీయడానికి డబ్బుంది, కాలు నిలబెట్టే మాత్రకు లేదు!

ఇలాంటివి వార్డులో రోజూ చూస్తాం. పైకి ఎలా చేరవేయాలో తెలియదు. బడ్జెట్ పద్దులు చదవడం, మందుల కొనుగోలు తీరు మాకెవరూ నేర్పలేదు.

అమెరికాలో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ 1973లోనే ఆరోగ్య విధాన ఫెలోషిప్ మొదలుపెట్టింది. ఎంపికైనవారు వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల కార్యాలయాల్లో పనిచేసి, చట్టం ఎలా తయారవుతుందో దగ్గరుండి చూశారు. అది కొంత అనుభవం గడించినవారి కోసం. మన దగ్గర మాత్రం ఉద్యోగంలో చేరి ఐదేళ్లు నిండనివారికే ఇలాంటి అవకాశం ముందు ఇవ్వాలి. ప్రశ్నలు అప్పుడే పదునుగా ఉంటాయి.

ఉభయ తెలుగు రాష్ట్రాలూ ఏటా కొందరిని పూర్తి జీతంతో ఒక సంవత్సరం సచివాలయానికి, మందుల కొనుగోలు విభాగానికి పంపాలి. ఆ ఏడాదిని బోధనానుభవంగా లెక్కించాలి. పదోన్నతి వెనకబడుతుందంటే ఎవరూ దరఖాస్తు చేయరు. వారి స్థానంలో వార్డుకు మరో వైద్యుణ్ణి ఇవ్వడం కూడా మరవకూడదు.

— ఒక వైద్య అధ్యాపకురాలు