సీతక్క గారికి: ఆ పిల్లలకు గుర్తున్నది సాక్ష్యంగా రాయించండి

గౌరవనీయులైన మంత్రి సీతక్క గారికి నమస్తే.

నేను వెంకటాపురం మండలంలో టీచర్‌ని. మా బడికి ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయ గిరిజనుల గూడేల పిల్లలు వస్తారు. వాళ్ల గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, ఉస్మానియాలో మీ పీహెచ్‌డీయే వాళ్ల మీద. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వం అండతో సల్వాజుడుం దళాలు మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. జుడుం వాళ్లు శిబిరాలకు రమ్మన్నారు, అన్నలు పోవద్దన్నారు. మధ్యలో నలిగినవాళ్లు, మిరప ఏరడానికి వచ్చిపోయే దారినే పట్టుకుని ఇటొచ్చారు. అది యుద్ధమా కాదా అని పెద్దలు ఎంతైనా వాదించుకోవచ్చు. ఇల్లు తగలబడుతుంటే పరిగెత్తిన పిల్లకు ఆ వాదనతో పనేముంది?

అలా పరిగెత్తిన ఒకామె పిల్లలు ఇప్పుడు మా బడిలో చదువుతున్నారు. అప్పటికి ఆమెకు ముందు పళ్లు ఊడి మళ్లీ వస్తున్నాయి. తమ్ముణ్ని చంకనేసుకుని వాగు దాటింది. వాడు ఏడిస్తే ఎవరైనా వింటారని కాల్చిన మొక్కజొన్న గింజలు నమిలి నోట్లో పెట్టేదట. పగలంతా పొదల్లో, రాత్రి నడక. పొగ కనిపిస్తుందని పొయ్యి రాజెయ్యలేదు, నానబెట్టిన బియ్యమే తిన్నారు. ఇల్లు పోయిందని కాదు గానీ, కట్టేసిన పందిపిల్లను విప్పకుండా వచ్చేశామని ఇప్పటికీ అంటుంది. తేదీ అడిగితే తెలియదు. "జుడుం వచ్చిన మొదటి ఏడే సారూ, మా పెరట్లో కంకులు ఇంకా అయిపోలేదు" అంది.

ఆ కంకుల దగ్గర కాస్త ఆగండి. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం) ప్రకారం, 2005 డిసెంబర్ 13కు ముందు పునరావాసం ఇవ్వకుండా అడవి నుంచి తరిమేసిన గిరిజనులకు పునరావాసం హక్కు. వేరే చోట భూమి కూడా ఇవ్వొచ్చు. పెరట్లో వానాకాలం మొక్కజొన్న డిసెంబర్ దాకా ఉండదు కదా. అంటే ఆమె కుటుంబం ఆ తేదీలోపే కదిలింది. తర్వాత వచ్చినవాళ్ల మాటేమిటంటే ఈ సెక్షన్ దగ్గర జవాబు లేదు, అది వేరే కొట్లాట.

కాగితాలు ఎక్కడివి? పిల్లకు కుల సర్టిఫికెట్ కోసం ఓ ఆఫీసుకు పోతే, తండ్రిది అక్కడి సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇల్లే బూడిదైందని ఆ తండ్రి చెప్పుకుంటే, అయితే మేమేం చేస్తామన్నారు. కానీ ఇదే చట్టం కింద 2008లో వచ్చిన రూల్స్, పెద్దల నోటిమాటను రాతలో పెట్టినా సాక్ష్యమేనంటున్నాయి. అప్పటి పెద్దలు ఒక్కొక్కరే పోతున్నారు. మిగిలేది ఆనాటి పిల్లలే. వాళ్లకు ఊరి పేరు, వాగు పేరు, పటేల్ పేరు ఇంకా గుర్తున్నాయి.

గిరిజన సంక్షేమ శాఖ మీది కాదు, తెలుసు. పంచాయతీరాజ్ మీదే, ఈ క్లెయిములు మొదలయ్యేది గ్రామసభలోనే. కోయ భాష తెలిసిన వాళ్లను పెట్టి ములుగు, భూపాలపల్లి, భద్రాద్రి జిల్లాల గూడేల్లో ఈ వాంగ్మూలాలు రాయించండి. ఛత్తీస్‌గఢ్‌కు పంపి అక్కడి ఊళ్లతో సరిచూడమనండి. మిజోరం నుంచి 1997లో పారిపోయి వచ్చిన బ్రూ గిరిజనులను త్రిపురలోనే స్థిరపరచడానికి 2020 జనవరిలో కేంద్రం ఒప్పందం చేసింది. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

మన కోయల్లోనే కొందరు దీన్ని ఒప్పుకోరు. రిజర్వేషన్‌లో వాటా పోతుందని, అడవి తగ్గుతుందని వాళ్ల భయం. దాన్ని కొట్టిపారెయ్యలేం. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడగలిగింది మీరే, మీ మాట వాళ్లు వింటారు.

2025 ఏప్రిల్‌లో మావోయిస్టుల కోసం మా దగ్గరి కర్రెగుట్టల మీద హెలికాప్టర్లు తిరిగినప్పుడు ఆ తల్లి పిల్లల్ని బడి మానిపించి, మూటలు సర్దుకుని కూర్చుంది. ఎక్కడికి పోతావంటే "తెలియదు" అంది.

ముందు మా మండలంలో ఒక్క గ్రామసభ పెట్టించండి. రాసిపెట్టే పనికి మేం టీచర్లం వస్తాం.

ఇట్లు,
వెంకటాపురం మండలం నుంచి ఒక ఉపాధ్యాయుడు