గుర్రపుడెక్క పుట్టిల్లు

మనౌస్, బ్రెజిల్,
సెప్టెంబరు నెల.

ఒరే మిత్రమా,

నీ ఉత్తరం చదివాను. కాలవలో గుర్రపుడెక్క తీయించి పదిహేను రోజులైనా కాకముందే మళ్ళీ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పరుచుకుందని రాశావు. కూలి డబ్బులు నీళ్ళపాలయ్యాయన్న నీ బాధ నాకు అర్థమైంది. నేను ఇప్పుడు ఆ మొక్క పుట్టింట్లోనే ఉన్నానురా. రోజూ పడవ వేసుకుని దాని మధ్యకే వెళ్తున్నాను. అందుకే ఈసారి తీరిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఇక్కడి నీటి సంగతి చెప్పాలి. మనౌస్ దగ్గర అమెజాన్ ఏటా సుమారు పది మీటర్లు ఎక్కి దిగుతుంది. అంటే మూడంతస్తుల మేడంత! ఇక్కడి రేవులో 1902 నుంచి నీటిమట్టం రాసిపెడుతున్నారు. 2021 జూన్‌లో అది 30.02 మీటర్లకు చేరింది. 2023 అక్టోబరులో 13 మీటర్ల కిందికి పడిపోయింది, ఆ మరుసటి ఏడు ఇంకా దిగువకు వెళ్ళింది. నది పక్కన మన గోదావరి లంకల్లాంటి ఒండ్రు నేలలున్నాయి, వాటిని ‘వార్జియా’ అంటారు. నేను జూన్‌లో వచ్చినప్పుడు అక్కడి సరస్సులన్నీ నదిలో కలిసిపోయి, చెట్ల కొమ్మల మధ్య నుంచి పడవ నడిపాము. ఇప్పుడు అవే సరస్సులు విడివిడి మడుగులవుతున్నాయి. నిన్న పడవ కట్టిన చోటు ఇవాళ బురద.

ఇలాంటి చోట మొక్క ఎలా బతకాలో ఆలోచించు. నేలను పట్టుకుని కూర్చుంటే మునిగిపోతుంది. నేలను వదిలేస్తే నీరు తీసినప్పుడు ఎండలో పడుతుంది. గుర్రపుడెక్క రెండింటికీ సిద్ధపడింది. దాని ఆకు కాడలోని బుడ్డిని చిన్నప్పుడు మనం చిదిమేవాళ్ళం, గుర్తుందా? లోపలంతా గాలి గదులు. నీరు ఎంత పెరిగినా మొక్క దానితోపాటు పైకి లేస్తుంది. గుంపు అంచున విడిగా ఉన్న మొక్కలకే ఆ బుడ్డి బాగా ఉబ్బి ఉంటుంది. మధ్యలో కిక్కిరిసి ఉన్నవాటి కాడలు సన్నగా, పొడుగ్గా సాగుతాయి. అవి ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడగలవు, వాటికి కావలసింది వెలుతురు. ఇది నా కళ్ళారా చూసి ఎంత ఆనందించానో చెప్పలేను.

నీరు తగ్గేటప్పుడు దాని అసలు పనితనం తెలుస్తుంది. పువ్వు వాడిపోగానే కాడ నీటిలోకి వంగి గింజల్ని అక్కడే వదులుతుంది. గింజలు బురదలో దిగి ఏళ్ళ తరబడి, పదిహేను ఇరవై ఏళ్ళ దాకా కూడా చావకుండా ఉంటాయి. పైన తేలిన మొక్కల్లో చాలావరకు ఒడ్డున చిక్కుకుని ఎండిపోతాయి, లేదా ప్రవాహంలో కొట్టుకుపోతాయి. నీరు తీసిన బురద మీద వెలుగు పడగానే గింజలు మొలకెత్తుతాయి. ఆ మొలక చూస్తే ఇది గుర్రపుడెక్క అని నువ్వు నమ్మవు. బుడ్డి లేదు, బొటనవేలి గోరంత ఆకులు, వేళ్ళు మట్టిలో. మళ్ళీ నీరు వచ్చినప్పుడు మట్టిని వదిలి తేలుతుంది. ఆ తరవాత పిలకల మీద పిలకలు వేస్తూ వారం, రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఉన్న కొద్ది నెలల్లోనే సరస్సును ఆక్రమించుకోవాలి కదా, అందుకు ఆ తొందర.

ఇక్కడ దీని తోడు మొక్కలు కూడా ఉన్నాయి. మనం అంతర తామర అనేది ఉంది, నూగు వల్ల ఆకు తడవదు. పాస్పాలమ్ అనే గడ్డి నాకు అన్నిటికన్నా నచ్చింది. బురదలో మామూలు గడ్డిలా పుడుతుంది. నీరు పెరిగేకొద్దీ కాండం సాగుతూ సాగుతూ, చివరికి మొదలు దగ్గర తెగిపోయి పచ్చిక బయలులా తేలిపోతుంది! రెండు మీటర్ల పళ్ళెంలాంటి ఆకుల విక్టోరియా కలువ మాత్రం నేలను వదలదు, నీటితోపాటు ముళ్ళ కాడను పొడిగించుకుంటుంది. మొన్న ఒక గుర్రపుడెక్క మొక్కను ఎత్తి వేళ్ళను పడవలో దులిపితే చిన్న రొయ్యలు, కంటికి ఆనీ ఆనని చేపపిల్లలు రాలాయి. వెంటనే నీళ్ళలో వదిలేశాను. నీటి ఆవు అనే పెద్ద జంతువు ఈ పచ్చిక మేసే బతుకుతుంది. నీరు తీశాక కుళ్ళిన ఆకు ఎరువై, ఆ ఒండ్రులోనే రైతులు పుచ్చకాయలు, కర్రపెండలం వేసుకుంటారు.

పక్కనే ఉన్న రియో నెగ్రో అనే నది నల్లనీళ్ళలో మాత్రం ఇవి దాదాపు కనిపించవు. ఆ నీళ్ళలో పోషకాలు చాలా తక్కువ. మీ కాలవ గుర్తొచ్చింది నాకు. పొలాల ఎరువు, చేపల చెరువుల నీరు దానిలోకే కదా వచ్చేది. 19వ శతాబ్దం చివర పువ్వు అందం చూసి ఈ మొక్కను బెంగాల్‌కు తెచ్చారు. తిండి దొరికింది, కానీ ఏటా దాన్ని ఊడ్చుకుపోయే పది మీటర్ల నది మాత్రం దానితో రాలేదు. దాన్ని తిట్టడానికి నాకు ఇక మనసు రావడం లేదు, అయినా నీ కాలవ నీకు ముఖ్యం, ఒప్పుకుంటాను.

అందుకే ఒక పని చెయ్యి. తీసిన మొక్కల్ని గట్టు అంచున వదలొద్దు, తడి తగిలితే మళ్ళీ లేస్తాయి. దూరంగా పొడినేల మీద ఎండనివ్వు. పువ్వు రాకముందే తీయించు. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు ఒకసారి దిగి బురదను దగ్గరగా చూడు. గోరంత ఆకులు కనబడితే అవి నీరు వదలకముందే పీకించు. ఎన్ని కనబడ్డాయో నాకు రాయడం మరిచిపోకు.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ
స్నేహితుడు