కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: దొంగ రాకపోయినా మోగిన అలారాలు, తలుపు తీసినా మోగనిది

సభ్యులందరికీ నమస్కారం.

పార్కు గోడకు రంగులు వేయించాం. మూడో లైనులో కాలువ మీద పగిలిన పలకలు మార్పించాం. వినాయక చవితి ఎప్పటిలాగే జరిగింది, లడ్డూ వేలంపాట డబ్బు మాత్రం ఇద్దరి దగ్గర ఇంకా రావాలి. వాళ్లకు తెలుసు, పేర్లు రాయడం లేదు. ఆడిటరు సంతకం పెట్టిన జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది. ఇక మిగతా నివేదిక అంతా అలారాల గురించే. ఏడాది పొడవునా కార్యదర్శిగా నా నిద్ర చెడగొట్టింది అవే కాబట్టి.

పక్క కాలనీలో దొంగతనం జరిగాక మన దగ్గర చాలామంది దొంగల అలారాలు పెట్టించుకున్నారు. ఒకే సంస్థ మనుషులు వచ్చి చకచకా బిగించి వెళ్లిపోయారు. వానలు పడగానే మొదలైంది. అర్ధరాత్రి సైరన్, లేచి వెళ్తే ఎవరూ ఉండరు. మొదట్లో కర్రలు, టార్చిలు పట్టుకుని పరిగెత్తాం. తర్వాత కిటికీలోంచి తొంగి చూశాం. ఆ తర్వాత దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాం. 'నాన్నా పులి' కథ మనకు కొత్తేమీ కాదు కదా.

బిగించినవాళ్లకు ఫోన్ చేస్తే అందరికీ ఒకటే జవాబు: ప్యానెల్ (అలారాన్ని నడిపే పెట్టె) పోయింది, కొత్తది వేయాలి. డబ్బు కట్టడానికి కొందరు సిద్ధపడ్డారు కూడా. ఉక్కు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ల పని చేసి రిటైరైన మన ఉపాధ్యక్షులు అడ్డుపడ్డారు. "పెట్టె మార్చేముందు ఒక్కసారి మీటరు పెట్టి చూద్దామండీ, పోయేదేముంది" అన్నారు. అలా ఆయన, మన ఎలక్ట్రీషియన్ కుర్రాడు, టార్చి పట్టుకోవడానికి నేను కలిసి ఒక ఉపసంఘం అయ్యాం.

మొదట వెళ్లింది రెండో లైనులో మామ్మగారింటికి. అక్కడ తెల్లవారుజామున మోగుతుంది, ఎండెక్కాక ఏ గొడవా ఉండదు. ఆ ప్యానెల్ ఒక్కో జోన్ (ఒక తలుపుకో సెన్సర్‌కో వెళ్లే వరస) తీగలోకి సన్నటి కరెంటు పంపి, చివర ఉన్న రెసిస్టర్ (కరెంటుకు ఇంత అని లెక్కగా అడ్డుపడే చిన్న ముక్క) కనబడుతోందా లేదా అని చూస్తూ ఉంటుంది. మన ఇళ్లలో వేసినవి 2.2 కిలో ఓమ్‌లవి, ఓమ్ అంటే ఆ అడ్డు కొలత. తలుపు తెరిస్తే దారి తెగుతుంది, అలారం మోగుతుంది. కానీ తెగింది తలుపు దగ్గరా, మధ్యలో ఏదో జాయింటు దగ్గరా అన్నది పాపం ప్యానెల్‌కు తెలియదు.

ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించి, లోపలి బ్యాటరీ వైరు కూడా పీకి, వెనక తలుపు జోన్ తీగలు రెండూ విప్పి మీటరు పెట్టాం. 2.2 దగ్గర నిలవాల్సిన అంకె 2.9 చూపించింది. "బాబూ, తలుపు మీద గుద్దు" అన్నారు ఉపాధ్యక్షులు. కుర్రాడు గుద్దాడు. 4 అయింది, 7 అయింది, మళ్లీ 3కి వచ్చింది. ద్వారబంధం పక్కన కేసింగ్ ఊడదీస్తే జాయింటు బయటపడింది. సోల్డరింగ్ లేదు, రెండు తీగలు మెలేసి నల్ల టేపు చుట్టారంతే. టేపు విప్పితే రాగి మీద పచ్చగా చిలుము. సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఉన్న మన విశాఖ కాలనీలో ఉప్పుగాలి దేన్ని వదులుతుంది? రాత్రి తేమకు ఆ చిలుము చెమ్మగిల్లి తీగ పట్టు తప్పుతోంది, ఎండకు ఆరితే మళ్లీ అంటుకుంటోంది. కొత్త తీగ కోసి, సోల్డర్ చేసి, స్లీవు తొడిగాం. ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. మామ్మగారు కాఫీ ఇచ్చి, "మరి ఆ కొత్త పెట్టెకు ఇచ్చిన అడ్వాన్సు ఏటి చేయాలి బాబూ" అని అడిగారు. అది మా చేతిలో లేని పని.

దీంతో ఒక పద్ధతి కుదిరింది. ఏ జోన్ గొడవ చేస్తుంటే దాని తీగలు ప్యానెల్ దగ్గర విప్పేసి, ఆ స్క్రూల కింద ఒక రెసిస్టర్ బిగించి, ఒకటి రెండు రాత్రులు వదిలేస్తాం. గొడవ ఆగిందా, తప్పు తీగలోనో సెన్సర్‌లోనో ఉంది. ఆగలేదా, అప్పుడు ప్యానెల్‌ను అనుమానించాలి. ఏడాది మొత్తంలో నిజంగా ప్యానెల్ పోయిన ఇల్లు ఒక్కటే, అదీ పిడుగు పడిన రోజు.

సంక్రాంతికి ఊరెళ్లిన ఒక సభ్యుడి ఇల్లు అందరికీ గుర్తుండే ఉంటుంది. భోగి ముందు రాత్రి కరెంటు పోయిన కాసేపటికి ఆ బయటి సైరన్ ఎత్తుకుంది. ఇంటికి తాళం, ఆయన నర్సీపట్నం అవతల. అలాంటి సైరన్లకు లోపల సొంత బ్యాటరీ ఉంటుంది. ప్యానెల్ నుంచి వచ్చే 12 వోల్టులు ఆగిపోతే, ఎవరో వైరు కోశారనుకుని తనంతట తాను మోగుతుంది. అది తన పని తాను చేసింది. తప్పంతా ప్యానెల్‌లోని 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీది. పండగయ్యాక చూస్తే టెర్మినళ్ల మీద 13.7 వోల్టులు, మీటరు చూసి నేనైతే బ్రహ్మాండంగా ఉందన్నాను. ఉపాధ్యక్షులు నవ్వారు. అది చార్జర్ ఇస్తున్న వోల్టేజి, బ్యాటరీది కాదు. మెయిన్ ఆపితే 12.5కి దిగింది, సైరన్ భారం వేయగానే చూస్తుండగానే 9 కిందకు జారింది. బిగించింది కిందటేడాదే, బ్యాటరీ మీద ముద్ర మాత్రం నాలుగేళ్ల కిందటిది. పైగా పెట్టె ఉన్నది మెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ రకం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమైపోతుంది. కొత్త బ్యాటరీ ఉన్నా ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర రోజు లాగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత కరెంటు ఎన్ని రోజులకు వచ్చిందో ఇక్కడ ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు.

నాలుగో లైనులో మేడ మీది మోషన్ సెన్సర్ ఇంకో వింత. ఒకసారి మోగితే ఆగదు. ఆపితే మళ్లీ మోగుతుంది. బల్లి అన్నారు, ఏసీ గాలి అన్నారు. సెన్సర్‌లో చీమల గూడు దొరికింది కూడా, దులిపినా తేడా రాలేదు. చివరకు చూస్తే సెన్సర్‌కూ సైరన్‌కూ కరెంటు ఒకే జత తీగ మీద వెళ్తోంది, అదీ రాగి పూత పూసిన అల్యూమినియం నెట్‌వర్క్ కేబుల్. సైరన్ మోగి అర ఆంపియరు లాగగానే పైన 12.6 వోల్టులు ఉన్నది 8.6కి పడుతోంది. ఆ సెన్సర్‌కు కనీసం 9 కావాలి. అది ఆరిపోయి, మళ్లీ లేచి, లేస్తూనే అలారం ఇస్తోంది. దాంతో సైరన్ మళ్లీ మొదలు. కేబుల్‌లో ఖాళీగా ఉన్న రెండు జతలు కలిపి సైరన్‌కు ఇచ్చాం, సెన్సర్‌కు విడిగా ఒక జత ఉంచాం. ఆ గోల పోయింది.

ఇవన్నీ మోగిన అలారాలు. నాకు నిజంగా టెన్షన్ పట్టుకున్నది మోగని దానితో. ఒక ఇంట్లో ఏ ఫిర్యాదూ లేదు, ఊరికే చూద్దామని వెళ్లాం. సిస్టమ్ ఆన్ చేసి వెనక తలుపు బార్లా తీస్తే ప్యానెల్ మీద పచ్చ లైటు అలాగే వెలుగుతోంది. కర్టెన్ రాడ్ కోసం కొట్టిన మేకు గోడలోని కేబుల్‌లో దిగి రెండు తీగలనూ కలిపేసింది. రెసిస్టర్ తలుపు దగ్గర ఉండి ఉంటే ప్యానెల్ ఈ షార్ట్‌ను వెంటనే పట్టేసేది. బిగించినవాళ్లు దాన్ని ప్యానెల్ పెట్టెలోనే పెట్టి వెళ్లారు. తీగలు ఇలా కలిసిపోయినా ప్యానెల్‌కు తన పక్కనే ఉన్న రెసిస్టర్ కనిపిస్తూ ఉంటుంది, అంతా బాగుందనుకుంటుంది. ఆరు నెలలుగా ఆ ఇంటివాళ్లు అలారం ఉందన్న ధైర్యంతో పడుకుంటున్నారు. తర్వాత తిరిగి చూస్తే ఎక్కువ ఇళ్లలో ఇదే పని. చివరిదాకా వెళ్లే ఓపిక లేక అలా చేశారని నా అభిప్రాయం. ఇప్పటికి పదకొండు ఇళ్లలో రెసిస్టర్లను తలుపుల దగ్గరికి మార్చాం. ఒకటి, రెండు లైన్లు అయ్యాయి, మూడు, నాలుగు ఇంకా సగంలో ఉన్నాయి. మిగిలినవారు ఆదివారం ఉదయం ఇంట్లో ఉండేట్టు చూసుకోండి. ఈలోగా మీరే నెలకోసారి సిస్టమ్ ఆన్ చేసి ప్రతి తలుపూ తెరిచి చూడండి, మోగుతుందా లేదా. ఊరెళ్లేవాళ్లు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో (తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే ఏర్పాటు) కూడా నమోదు చేసుకుంటే మంచిది, దానికి డబ్బు కట్టనక్కర్లేదు.

ఒకటి రెండు చిన్న మాటలు. ప్యానెల్ మూత తీస్తే లోపల 230 వోల్టుల స్క్రూలు ఉంటాయి, ఎంసీబీ దించకుండా ఎవరూ చేయి పెట్టొద్దు. ఓమ్‌ల మీద ఉన్న మీటరును కరెంటు ఉన్న తీగకు పెట్టొద్దు. ఒక కమిటీ సభ్యుడు పెట్టారు, మీటరు కొత్తది కొన్నాం. ఆ ఖర్చు పట్టికలో 'ఇతరములు' కింద ఉంది.

ఆ కొత్త మీటరు ఆఫీసు బీరువాలో ఉంది. వాచ్‌మన్ దగ్గర పుస్తకంలో సంతకం పెట్టి ఎవరైనా తీసుకెళ్లొచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు దయచేసి డయల్ ఆఫ్‌కు తిప్పి ఇవ్వండి. ఈ మూడు నెలల్లో దాని 9 వోల్టుల బ్యాటరీ రెండుసార్లు మార్చాను, నా జేబులోంచి.

కార్యదర్శి