పెద్దలకు ఈత నేర్పే కోచ్‌లకు విలువేదీ?

పెద్దవాళ్లకు ఈత నేర్పే కోచ్‌ల అనుభవాన్ని స్విమ్మింగ్ పూల్ నిర్వాహకులు లెక్కలోకే తీసుకోవడం లేదు. పెద్దల కోసం జరిగే ప్రపంచ మాస్టర్స్ ఈత పోటీలు 1986లోనే మొదలయ్యాయి. 25 ఏళ్లు నిండినవారు ఐదేళ్లకో వయోవర్గంగా వాటిలో ఈదుతారు. అలాంటి పోటీల్లో పతకాలు తెచ్చుకుంటూ, ఏళ్ల తరబడి శిక్షణ ఇస్తున్న కోచ్‌కు కూడా మేం వెళ్లే పూల్‌లో దక్కేది పిల్లల బ్యాచ్‌లు అయ్యాక మిగిలిన ఒకే ఒక్క లేన్ (ఈదే వరుస). పిల్లలు చెప్పీచెప్పకముందే దూకేస్తారు. నలభై దాటినవాళ్లు గట్టు కడ్డీ వదలరు, తల ముంచగానే ఊపిరి బిగబట్టేస్తారు. నీళ్లలోనే గాలి వదిలి, తల ఎత్తకుండా పక్కకు తిప్పడం వాళ్లకు ఓపిగ్గా అలవాటు చేయాలి. అరుపులతో వచ్చే విద్య కాదది. పెద్దలకు ఉదయం, సాయంత్రం విడిగా లేన్లు కేటాయించాలి. నియామకాల్లో మాస్టర్స్ అనుభవానికి మార్కులివ్వాలి. పోటీలకు వెళ్లిన రోజుల జీతం కోయకూడదు.