బుడమేరు వరద సహాయ నిధి – జమా ఖర్చుల వివరణ

2024 సెప్టెంబరు 1న బుడమేరు గట్లు తెగి విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట నీట మునిగినప్పుడు, గుంటూరులోని మా కాలనీ సంక్షేమ కమిటీ పిలుపును మన్నించి చందాలిచ్చిన వారందరికీ ఆ సొమ్ము లెక్క ఒప్పజెప్పుతున్నాము.

కాలనీలోని 84 కుటుంబాల నుంచి రూ. 1,26,000, దుకాణదారుల నుంచి రూ. 31,500, ఇతర ఊళ్లలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల నుంచి రూ. 40,000 వచ్చాయి. ఆ ఏడాది వినాయక చవితి సెప్టెంబరు 7న పడింది. మైకు, ఊరేగింపు మానుకొని మట్టి విగ్రహానికి పూజ మాత్రం చేసుకుందామని పెద్దలు ముందుకు రావడంతో, చందాదారుల అంగీకారం మీద ఉత్సవ నిధి నుంచి రూ. 45,000 ఇటు మళ్లించాము.

ఖర్చులో మొదటి పద్దు మా పొరపాటును కూడా చెబుతుంది. 2వ తేదీన రూ. 18,000తో 600 పులిహోర పొట్లాలు కట్టించి తీసుకెళ్లాము గాని, పడవ లేనిదే వీధుల్లోకి పోలేమన్న ఆలోచన ముందు చేయలేదు. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గరకు చేరిన వారికి 450 పొట్లాలు అందగా, మిగిలినవి సాయంత్రానికి పాడయ్యాయి. ఆ 150 పొట్లాల ఖరీదు రూ. 4,500 దాతల మీద వేయడం న్యాయం కాదు కనుక, కమిటీ సభ్యులమే పంచుకొని నిధికి జమ కట్టాము. దీంతో మొత్తం జమ రూ. 2,47,000 అయింది.

పాలు, మంచినీళ్లకు రూ. 14,400, వాహనాల కిరాయికి రూ. 9,600 అయ్యాయి. ప్రభుత్వం ఇంటింటికీ బియ్యం, పప్పు, నూనె ఇస్తున్నందున మేము వాటి జోలికి పోక, నీరు తీసిన ఇళ్లలో పేరుకున్న బురదను కడుక్కోవడానికి కావలసిన బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు, బకెట్లు, చీపుర్లు 120 ఇళ్లకు రూ. 54,000తోనూ, అవే ఇళ్లకు చాపలు, దుప్పట్లు రూ. 48,000తోనూ ఇచ్చి, పుచ్చుకున్న వారి సంతకాలో వేలిముద్రలో తీసుకున్నాము.

మిగిలిన రూ. 1,03,000లో లక్ష రూపాయలను ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ రాష్ట్ర శాఖకు విపత్తు సహాయం కోసమని రాసి చెక్కు రూపంలో ఇచ్చాము. మన చేతులతో మనమే పంచితే బాగుండేదని కొందరన్నారు, ఆ మాటలో ఆప్యాయత ఉంది. అయితే పులిహోర పొట్లాలు మాకు నేర్పింది వేరు. 1920 నాటి చట్టం కింద ఏర్పడి, రాష్ట్రపతి అధ్యక్షతన దేశమంతటా శాఖలతో నడుస్తున్న ఆ సంస్థ టార్పాలిన్లు, దుప్పట్లు, వంటపాత్రలు ఆపద రాకముందే నిల్వ చేసి ఉంచుతుంది. రేపు తుపాను వస్తే మనం చందా పుస్తకం తెరిచే లోపే అవి బాధితులకు చేరగలవు. ఈ నిర్ణయానికి ఒప్పుకోని ఆరు కుటుంబాల వారి రూ. 9,000ను దుప్పట్ల పద్దులోనే చూపాము. రశీదు కమిటీ పేరున వచ్చినందున దాతలు విడివిడిగా ఆదాయపు పన్ను మినహాయింపు కోరడానికి వీలుపడదు. ఈ సంగతి చందాలు తీసుకునేటప్పుడే చెప్పకపోవడం మా లోపం, అందుకు మన్నించాలి.

నిల్వ రూ. 3,000 కమిటీ బ్యాంకు ఖాతాలో ఉంది. బిల్లులు, సంతకాల పుస్తకం, రెడ్ క్రాస్ రశీదు ఆదివారాలు ఉదయం సంఘం గదిలో చూడవచ్చు. అభ్యంతరాలుంటే 15 రోజుల్లోగా రాతపూర్వకంగా కోశాధికారికి అందజేయగలరు.