యంత్రం పారేసి పరుగెత్తమని మా పిల్లలకు రాసివ్వండి

ఒడిశా రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మాది రాయగడ జిల్లా గుణుపురం వైపు, వంశధారకు దగ్గరలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, సంతలో సవర మాటలతో బతికే ఊరు. పదమూడేళ్లుగా మా వన సంరక్షణ సమితిలో సభ్యుడిని. ఈ లేఖ ఒడియా ప్రతిని మీ కార్యాలయానికి పంపించాను. ఇక్కడ తెలుగులో రాయడానికి ఒకటే కారణం. ఎండాకాలం కొండెక్కి మంటలార్పే మా పిల్లల తల్లిదండ్రులు చదవగలిగేది ఈ భాషే. వాళ్లకు తెలియకుండా వాళ్ల బిడ్డల గురించి నేను మీతో మాట్లాడకూడదు.

రెండేళ్ల కిందట చైత్రమాసంలో జరిగింది చెబుతాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఉపగ్రహం పట్టిన మంట గురించి ఫోనుకు సందేశం వచ్చింది. తొమ్మిది మందిమి బయలుదేరాం. నలుగురం తెలుగువాళ్లం, ముగ్గురు సవరలు, కువి భాష మాట్లాడే ఒక కుర్రవాడు, ముందు నడిచే ఉద్యోగి ఒకరు. ఆయన సముద్రం వైపు జిల్లా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చారు. కష్టపడే మనిషి, అందులో అనుమానం లేదు. అయితే ఆ రోజు వరకు మా తొమ్మిది మందిమి కలిసి ఒక్క మంట కూడా ఆర్పలేదు. సగం మందికి సగం మంది పేర్లు తెలియవు.

కొండ నడుమ, మంటకు పక్కనుంచి పచ్చి కొమ్మలతో కొడుతూ, బ్లోయరుతో ఎండుటాకు ఊదుతూ పైకి పోతున్నాం. మాకు కిందుగా లోయలో చీపురు గడ్డి నిలువెత్తున ఎండి ఉంది. సవరల్లో పెద్దాయన ఉన్నట్టుండి ఆగిపోయారు. గడ్డి తలలు ఎటు వంగుతున్నాయో చూసి, తన భాషలో ఏదో అన్నారు. ఆయన వెంట ఉన్న ఇద్దరూ ఆగారు. మాకు అర్థం కాలేదు. ముందున్న ఉద్యోగి వెనక్కి తిరిగి, ముందుకు నడవమని చెయ్యి ఊపారు. పెద్దాయన మళ్లీ నోరు విప్పలేదు. అందరితో పాటే నడిచారు.

కాసేపటికి గాలి తిరిగింది. లోయలోని గడ్డి అంటుకుంది. వెదురు కణుపులు పేలుతున్న చప్పుడు మా కింది నుంచి వస్తుంటే అప్పుడు తెలిసింది, మంట మాకంటే వేగంగా పైకి వస్తోందని. నిప్పు ఏటవాలుకు ఎదురెక్కేటప్పుడు మనిషి పరుగు దానికి చాలదు. తనకు పైనున్న ఆకును, గడ్డిని ముందే వేడిచేసి ఎండబెట్టుకుంటూ వస్తుంది. మేం అడ్డంగా పరుగెత్తి, పొద్దుటే కాలి నల్లబడిన నేల మీదికి చేరాం. బ్లోయరు మోస్తున్న కుర్రవాడు ఆఖరున వచ్చాడు. పెట్రోలు నింపిన యంత్రం అది. దాన్ని వీపు మీదే పెట్టుకుని వచ్చాడు. పట్టీ కరిగి భుజానికి అంటుకుపోయింది. మెడ దాకా కాలింది.

జీపులో వాడి తల నా ఒడిలో ఉంది. కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "యంత్రం బాగానే ఉందా మావయ్యా?" అని. ఎందుకు పారేయలేదురా అన్నాను. "పాడైతే నాదే బాధ్యత అని చెప్పి ఇచ్చారు కదా. పోతే కూలిలో కోసేస్తారు." ఈ లేఖ రాయించింది ఆ మాటే మంత్రి గారూ.

ఆ తర్వాత సవర పెద్దాయన ఇంటికి వెళ్లి, అక్కడ ఏమన్నావు తాతా అని అడిగాను. గాలి మారుతోంది, దిగిపోదాం అన్నానని చెప్పారు. మరి రెండోసారి ఎందుకు అనలేదంటే, "బాబు ముందుకు రమ్మన్నాక నేనేమంటాను?" అన్నారు. మా తొమ్మిది మందిలో ఆ కొండను చిన్నప్పటి నుంచి ఎరిగినవారు ఆయన ఒక్కరే. ఆ రోజు మాకు కావలసిన తెలివి మా మధ్యే ఉంది. దానికి నోరు లేదు, మాకు చెవి లేదు.

అప్పటి నుంచి, వేరే దేశాల్లో ఈ పని చేసేవాళ్లకు ఏం జరిగిందో దొరికినంత చదివాను. 1949 ఆగస్టు 5న అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, మాన్ గల్చ్ అనే లోయలో 13 మంది అగ్నిమాపక సిబ్బంది కాలిపోయారు. దాదాపు అందరూ పారాచూట్లతో దిగిన దిట్టమైన యువకులే. వాళ్ల రేడియో కట్టిన పారాచూట్ విచ్చుకోక నేలకు పడి పగిలిపోయింది. మంట తరుముకొస్తుంటే నాయకుడు వాగ్నర్ డాడ్జ్ పనిముట్లు పారేయమన్నాడు. తన ముందున్న గడ్డికి తానే నిప్పుపెట్టి, కాలిన ఆ బూడిదలో బోర్లా పడుకుని, రండి రండి అని పిలిచాడు. ఎవరూ రాలేదు. ఈ మనిషికి మతి పోయిందా అనుకుని ఉండవచ్చు. డాడ్జ్ బతికాడు. శిఖరం మీది రాళ్ల సందులోంచి దూరి బయటపడిన ఇద్దరు బతికారు. 1993లో కార్ల్ వైక్ అనే పండితుడు ఈ ఘటనను కొత్తగా పరిశీలించి, నిప్పు కంటే ముందు అక్కడ జట్టు విడిపోయిందన్నాడు. నాయకుడికీ మనుషులకీ మధ్య ముందునుంచీ మాటల అలవాటు లేదు. అందుకే ప్రాణం కాపాడే మాట వచ్చినప్పుడు దాన్ని నమ్మలేకపోయారు. ఇది చదివినప్పుడు నాకు మా తొమ్మిది మంది ముఖాలు కనిపించాయి.

1994 జూలై 6న అమెరికాలోనే కొలరాడో రాష్ట్రంలో స్టార్మ్ కింగ్ కొండ మీద 14 మంది చనిపోయారు. వారిలో కొందరి దగ్గర పనిముట్లు, వీపు సంచులు అలాగే ఉన్నాయి. బరువు వదిలేసి ఉంటే ఇంకొంచెం వేగంగా పరుగెత్తేవారు. చేతిలోని పనిముట్టు వదలడం మనిషికి అంత తేలిక కాదు. అది అతని పని, అతని గౌరవం. మా కుర్రవాడికైతే దాని మీద కూలి భయం కూడా ఉంది.

పైవాడి ముందు కిందివాడి నోరు పెగలకపోవడం విమానాల్లోనూ ప్రాణాలు తీసింది. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. రన్‌వే ఖాళీ అయిందా అని విమానంలోని ఇంజనీరు అనుమానం అడిగాడు. కెప్టెన్ తోసిపుచ్చాడు. ఆ తర్వాత విమానయాన రంగం కింది ఉద్యోగికి గట్టిగా చెప్పడం, కెప్టెన్‌కు వినడం పాఠాలుగా నేర్పింది. అడవి మంటలార్పే జట్లు కూడా తర్వాత ఆ శిక్షణను అందుకున్నాయి. 1991లో పాల్ గ్లీసన్ అనే అనుభవజ్ఞుడు తన తోటివాళ్ల కోసం నాలుగు విషయాలు ముడివేసి చెప్పాడు. మంట మీద కన్నేసి ఉంచే మనిషి, ఒకరి మాట ఒకరికి అందే ఏర్పాటు, తప్పించుకునే దారి, చేరుకుని నిలబడే చోటు. ఇవి కుదరకుండా మంట దగ్గరికి పోవద్దన్నాడు. మా కొండల్లో ఇవి దొరకనివి కావు. రాతి పరుపులున్నాయి, నీటి గెడ్డలున్నాయి, కాలి నల్లబడిన నేల ఉంది. కొమ్మ పట్టకుండా ఎత్తైన చోట నిలబడి చూడడానికి ఒక మనిషిని కేటాయించడమే కరువు. అతన్ని పని చేయనివాడిగా లెక్కేస్తారు.

మన దేశంలోనూ జరుగుతోంది. 2020 ఫిబ్రవరిలో కేరళలోని త్రిశ్శూరు జిల్లాలో ముగ్గురు అటవీ వాచర్లు, 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్‌సర్‌లో కనీసం నలుగురు అటవీ సిబ్బంది మంటల్లో చిక్కి చనిపోయారు. 2020 నవంబరు నుంచి 2021 జూన్ వరకు దేశంలో అన్నిటికంటే ఎక్కువగా, 51 వేలకు పైగా, అడవి మంటలను ఉపగ్రహాలు గుర్తించింది మన ఒడిశాలోనే. మంటలు పెట్టేది మా మనుషులే, దాచను. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు, తునికాకు చిగురు కోసం, పోడు కోసం నిప్పు పెడతారు. అది మేం ఊళ్లో కూర్చుని సరిచేసుకోవలసిన సంగతి, చేసుకుంటున్నాం కూడా. కానీ ఎవరు పెట్టిన నిప్పయినా ఆర్పడానికి వెళ్లేది రోజు కూలికి వచ్చే ఈ పిల్లలే.

మీరు బ్లోయర్లు ఇచ్చారు, ఫోన్లకు హెచ్చరికలు వచ్చేలా చేశారు. అవి పనికొస్తున్నాయి. ఇప్పుడు అడిగేవాటికి పెద్దగా డబ్బు కూడా అక్కరలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు యంత్రం పారేసిన వాచరు నుంచి ఒక్క రూపాయి కూడా వసూలు చేయరాదని మీ సంతకంతో ఒక ఉత్తర్వు ఇవ్వండి. దాన్ని ఒడియా, తెలుగు, సవర, కువి భాషల్లో ప్రతి రేంజి కార్యాలయం గోడ మీద అంటించి, చదువు రానివాళ్లకు చదివి వినిపించమనండి. జట్టులో ఎవరు "దిగిపోదాం" అన్నా అందరూ ఆగి, ఎందుకో విని, ఆ తర్వాతే కదలాలన్న నియమం అందులోనే పెట్టండి. అలా అన్నందుకు ఆ రోజు కూలి పోకూడదు.

సీజను మొదలయ్యేలోపే జట్లు కట్టి, జూన్ దాకా ఆ మనుషులను అలాగే ఉంచండి. కొత్తగా వచ్చే ఉద్యోగి మొదటి వారం ఆ జట్టుతో కొండంతా తిరగాలి. అన్ని భాషలకూ పొత్తుగా ఒక ఈల గుర్తు పెట్టుకోవాలి. మూడుసార్లు ఊదితే వెనక్కి అని ఊరికి ఊరే తెలిసి ఉండాలి. మంట ఆరాక నీళ్లు తాగి ఇళ్లకు పోయే ముందు పావుగంట కూర్చుని, ఎక్కడ తప్పిపోయామో మాట్లాడుకోవాలి. అప్పుడు అందరికంటే చిన్నవాడు ముందు చెప్పాలి, ఉద్యోగి ఆఖరున. పెద్దవాళ్లు మొదలుపెడితే చిన్నవాళ్లు తల ఊపి ఊరుకుంటారు. మా సమితి సమావేశాల్లో ఇది ఎన్నోసార్లు చూశాను.

ఆ కుర్రవాడి భుజం మానింది. చెయ్యి మాత్రం పూర్తిగా పైకి లేవదు. ఈ ఏడాది మళ్లీ వాచరుగా పేరు ఇచ్చాడు. వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి, వద్దని చెప్పమంది. చెప్పాను, వినలేదు. ఆ కూలి ఆ ఇంటికి కావాలి. ఫిబ్రవరిలో ఆకు రాలుతుంది, వెంటనే ఇప్పపువ్వు మొదలవుతుంది. ఆ ఉత్తర్వు అంతకు ముందే మా రేంజి కార్యాలయానికి చేరితే, తెలుగులో నేనే వాడికి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
వన సంరక్షణ సమితి సభ్యుడు,
గుణుపురం ప్రాంతం, రాయగడ జిల్లా